బ్రేకు మీద కాలు

పొద్దున ఆరున్నరకు బాపట్ల స్టేషన్లో రైలెక్కేసరికే దేవిక అలిసిపోయి ఉండేది. ఆ అలుపు ఆ రోజుది కాదు, ఎప్పటిదో ఆమెకూ సరిగ్గా తెలియదు. డిగ్రీ కాలేజీలో పద్నాలుగేళ్లు సైకాలజీ చెప్పింది. చేరే పిల్లలు లేరని ఒక ఏడాది ఆ గ్రూపే ఎత్తేశారు. రెండేళ్లు ఖాళీగా కూర్చున్నాక దొరికింది ఈ పని. మనుషుల ఆందోళనను కొలిచే పని.

మూడు దేశాల్లో ఒకేసారి జరుగుతున్న పరిశోధన అది. జర్మనీలో ఒక ఊరు, బ్రెజిల్లో ఒక ఊరు, ఇక్కడ తెనాలి. భయాలతో, గుండెదడతో బాధపడేవాళ్ల కళ్లకు ఒక పెట్టె కట్టి, వాళ్లు దేనికి భయపడతారో దాన్నే అందులో కొద్దికొద్దిగా చూపిస్తూ అలవాటు చేస్తారు. అలా చేస్తే భయం తగ్గుతుందా, తగ్గితే అన్ని దేశాలవాళ్లకూ ఒకేలా తగ్గుతుందా అన్నది తేల్చాలి. తెనాలిలో ఒక ప్రైవేటు ఆసుపత్రి పై అంతస్తులో గది ఇచ్చారు. అంత దూరం రాలేనివాళ్ల కోసం వారానికి రెండు రోజులు రేపల్లెలో, బస్టాండు వెనక ల్యాబు మేడ మీద ఇంకో గది. దేవిక చేయాల్సిందల్లా పెట్టె కట్టడం, కాగితంలో ఉన్న ప్రశ్నలు ఉన్నట్టే అడగడం, వాళ్లు చెప్పిన అంకెను ట్యాబులో వేయడం. సొంతంగా ఒక్క మాట కలపకూడదు. కలిపితే ఏ దేశానికి ఆ దేశం వేరే వైద్యం అయిపోతుందని హైదరాబాదు నుంచి భార్గవ్ వారం వారం ఫోన్లో గుర్తుచేసేవాడు. ముప్పై దాటని కుర్రాడు, మర్యాదస్థుడు. ఇక్కడి పనంతా చూసేది అతనే.

పెట్టెను జనం కళ్లపెట్టె అనేవాళ్లు. తలకు నూనె రాసుకుని వచ్చే ఊళ్లు ఇవి. నాలుగోవాడికి కట్టేసరికి దాని పట్టీలు జిడ్డోడుతూ ఉండేవి. రోజుకు ఏడెనిమిది సార్లు స్పిరిట్ దూదితో తుడిచి తుడిచి ఆమె వేళ్ల చివర్లు పొరలు లేచాయి. ప్రశ్నలతో ఇంకో తంటా. ఎక్కడో ఎవరో అనువాదం చేసి పంపిన కాగితంలో మొదటి ప్రశ్నే "గత రెండు వారాలుగా మీరు ఎంత తరచుగా ఆతృత అనుభవించారు?" అని ఉండేది.

"ఆత్రుతా? అదెందుకు లేదమ్మా, మా మేనకోడలి పెళ్లికి పోయిన వారమంతా ఆత్రుతే," అంది వేమూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ, సంతోషంగా.

గాబరా అనండి, గుండె దడ అనండి, లోపల ఒకటే గుబులు అనండి, జనానికి అర్థమవుతుంది అని దేవిక రెండుసార్లు రాసింది. కాగితం ఆమోదం పొందింది కాబట్టి మార్చడానికి లేదని జవాబొచ్చింది. ఆ తర్వాత ఆమె రాయడం మానేసింది.

యలమంద అక్టోబరులో వచ్చాడు. యాభై ఒక్కేళ్లు. చెయ్యి చాచితే తలుపు పైకమ్మి అందేంత పొడుగు. ఇరవై ఆరేళ్లు బస్సు నడిపాడు, చివరి తొమ్మిదేళ్లు ఒక ఇంజనీరింగు కాలేజీ బస్సు. రేపల్లె నుంచి పిల్లల్ని ఎక్కించుకుని తీసుకెళ్లి, సాయంత్రం మళ్లీ దించేవాడు. ఏం జరిగిందో చెప్పమని దేవిక అడిగితే, పోలీసుల ముందు చెప్పి చెప్పి అరిగిపోయిన మాటల్లో చెప్పాడు.

"పోయిన జనవరండి. మంచు. భట్టిప్రోలు దాటాక కాలవ కట్ట మీద మలుపు. ఎదర వడ్ల ట్రాక్టరు, వెనక లైటు లేదు. కనపడేసరికి దగ్గరైపోయింది. పక్కకి కోసి బ్రేకు కొట్టాను. ముందు చక్రాలు రెండూ కట్ట దిగి గాల్లో ఉన్నాయి, కింద కాలవ. లోపల ముప్పై ఎనిమిది మంది పిల్లలు. వెనక తలుపు తీసి ఒక్కొక్కళ్లే దిగారు. ఇరవై నిమిషాలు పట్టిందంట."

"మీరు?"

"బ్రేకు తొక్కుకునున్నాను."

"హ్యాండ్ బ్రేకు?"

"లాగానండి. అయినా కాలు తీయబుద్ధి కాలేదు."

ఎవరికీ గీత కూడా పడలేదు. కాలేజీవాళ్లు శాలువా కప్పారు. నెల తిరిగాక రమ్మంటే యలమంద బస్సు దాకా వెళ్లాడు, ఎక్కి కూర్చున్నాడు. కుడికాలు బ్రేకు మీద పెట్టాక, దాన్ని మళ్లీ ఎత్తలేకపోయాడు. ఒళ్లంతా చెమటలు. ఇద్దరు మనుషులు చంకల కింద చేతులేసి దించారు. అప్పటి నుంచి స్కూటరు కూడా ముట్టలేదు. ఎవరూ చావలేదు కదా, ఇంకా ఏం భయం అని ఊళ్లో నవ్వారు.

కాగితం ప్రకారం అడిగితే అతని మొత్తం పదిహేడు వచ్చింది. పదిహేను దాటితే తీవ్రం కింద లెక్క. వాహనాల భయం వరసలో అతన్ని చేర్చుకున్నారు. ఎనిమిది వారాలు, వారానికి ఒకసారి పెట్టె.

మొదటిసారి పెట్టె కట్టగానే యలమంద రెండు చేతులూ ముందుకు చాచి గాలిలో తడుముకున్నాడు. అందులో అతనికొక కారు చూపిస్తారు. స్టీరింగు ఎడమ పక్క. రోడ్డుకు కుడి వైపున వెళ్లాలి. అటూ ఇటూ సూదిమొనల్లాంటి ఆకుల చెట్లు, దూరంగా మంచు కొండలు, గీత గీసినట్టు నల్లటి రోడ్డు. "మీరు సురక్షితంగా ఉన్నారు. నిదానంగా శ్వాస తీసుకోండి," అని వార్తలు చదివే గొంతుతో ఒకామె తెలుగులో చెబుతూ ఉంటుంది.

"ఈ ఊళ్లో జనం లేరేంటండి?" అన్నాడు యలమంద.

"భయం ఎంతుందో చెప్పండి. సున్నా అంటే అస్సలు లేదు, వంద అంటే ఇంతకన్నా ఎక్కువ ఉండదు."

"నలభై వేసుకోండి." తర్వాత కుర్చీలో కాలు కదిపి, "కాలికింద ఏమీ లేదేంటండి?" అని అడిగాడు.

నడపడానికి చేతిలో రెండు మీటలే ఉన్నాయి. వేలితో నొక్కితే ఆగుతుంది. దేవిక ఆ మాటను వ్యాఖ్యలు రాసే గడిలో రాసింది. ఆ గడి ఎవరైనా చదువుతారో లేదో ఆమెకు తెలియదు.

రెండో వారం ఇరవై. మూడో వారం పది. నాలుగో వారం వంతెన చూపించారు, అయిదో వారం వాన, ఆరో వారం మంచు. దేనికైనా యలమంద జవాబు ఒకటే.

"సున్నా అండి."

వచ్చిన ప్రతిసారీ ఏదో ఒకటి తెచ్చేవాడు. ఒకరోజు సీసాలో మజ్జిగ, ఒకరోజు కాగితంలో చుట్టిన జంతికలు. తీసుకోకూడదండి అంటే, బల్ల మీద పెట్టి వెళ్లిపోయేవాడు. ఎనిమిదో వారం కాగితం ప్రశ్నలు మళ్లీ అడిగితే మొత్తం నాలుగు వచ్చింది. పదిహేడు నుంచి నాలుగు.

ఆ సాయంత్రమే భార్గవ్ ఫోన్ చేశాడు. గొంతులో ఉత్సాహం దాచుకోలేకపోతున్నాడు. "మేడమ్, మూడు దేశాల్లోనూ ఇంత తగ్గినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే. అసలు మన దగ్గరే బాగా పనిచేస్తోంది. జర్మనీలో వాళ్లు తగ్గలేదని మొహమ్మీదే చెప్పేస్తున్నారట. యలమంద గారిది రెండు నిమిషాల వీడియో తీసి పంపగలరా? ఆయన ఒప్పుకుంటేనే."

మంగళవారం దేవిక రేపల్లెలో పని ముగించుకుని, ఒప్పుకోలు కాగితం సంచిలో పెట్టుకుని, వాళ్ల ఇల్లు వెతుక్కుంటూ వెళ్లింది. రైస్ మిల్లు వీధిలో చివరి ఇల్లు. యలమంద లేడు. అతని భార్య చౌడేశ్వరి వరండాలో చాప మీద కూర్చుని చీరకు ఫాల్ కుడుతోంది. చీరాల పక్క నేతవాళ్ల పిల్ల. చేతికి గుడ్డ తగలకపోతే తోచదని తర్వాత ఆమే చెప్పింది. దేవికను చూసి గబగబా లేచి కుర్చీ వేసింది.

"ఆయన నడకకి పోయాడండి. వచ్చేస్తాడు. కూర్చోండి, మొహం చూడు ఎట్టా వాడిపోయిందో. కాస్త కాఫీ పెడతా."

"వద్దండి వదినగారూ, కూర్చుంటే చాలు. అన్నయ్యగారికి బాగా తగ్గిందని మా పైవాళ్లు చాలా సంతోషపడ్డారు. ఒక చిన్న వీడియో తీసుకుంటామంటే..."

చౌడేశ్వరి సూదిని చీర అంచుకు గుచ్చి పక్కన పెట్టింది. లోపలికి వెళ్లి నీళ్లు తెచ్చి ఇచ్చి, తాగేదాకా నిలబడింది.

"ఒక మాట చెప్తే మీరు ఆయన్నేమీ అనకూడదు."

"అననండి."

"తగ్గలేదు."

దేవిక గ్లాసు కింద పెట్టింది.

"నిద్దట్లో కూడా తొక్కుతానే ఉంటాడండి. మంచానికి కాళ్లవైపు పట్టె రెండుసార్లు ఊడిపోతే మేకులు కొట్టించాం. రండి చూపిస్తా. మొన్న మా అన్నకూతురి సీమంతానికి బాపట్ల పోవాలి. చెరుకుపల్లి మీదగా బస్సుంది, గంటన్నరలో పోతాం. ఎక్కలేదు. బస్సులో కూర్చుంటే డ్రైవరు బ్రేకు కొట్టినప్పుడల్లా ఈయన కాలు బిగుసుకుపోద్ది. రైల్లో తెనాలి పోయి, మళ్లీ రైలు మారి బాపట్ల పోయాం. పొద్దున బయల్దేరితే భోజనాలైపోయాక చేరాం."

"మరి నాకు సున్నా అని చెప్పారు?"

"అదే అడిగాను నేనూ."

ఆమె చెప్పబోతుండగానే యలమంద గేటు తీసుకుని వచ్చాడు. వరండాలో దేవికను, పక్కన భార్య మొహాన్ని చూసి విషయం గ్రహించాడు. చెప్పులు విడిచి, గుమ్మం దగ్గర మెట్టు మీదే కూర్చున్నాడు. ఆ పొడుగు మనిషి అలా మోకాళ్లు ముడుచుకుని కూర్చుంటే తప్పు చేసి దొరికిన పిల్లాడిలా ఉన్నాడు.

"ఏమనుకోకండి మేడమ్ గారూ," అన్నాడు. "ఆ పెట్టెలో నాకు నిజంగానే భయమెయ్యలేదు. అది మన రోడ్డు కాదు, నా బండీ కాదు. అక్కడ సున్నా అంటే అబద్ధం కాదు. ఆ కాగితం మీద అడిగారే, నిద్దర పడతందా, ఒళ్లు వణుకుద్దా అని, అవి మాత్రం తప్పు చెప్పాను."

"ఎందుకండీ?"

అతను విడిచిన చెప్పులు పక్కపక్కన సర్దిపెట్టాడు.

"మీరు బాపట్ల నించి రెండు రైళ్లు మారి వస్తారు. మెట్లెక్కి వచ్చి కూర్చుంటే, పాపం ఈవిడ ఎప్పుడు కూలబడిపోద్దో అన్నట్టుండేది మీ మొహం. అంతా చేసి, తగ్గిందా అనడుగుతారు. తగ్గలేదని ఏ నోటితో చెప్పేదండీ? మీ పైవాళ్లు మిమ్మల్నేమన్నా అంటారేమోనని."

చౌడేశ్వరి మళ్లీ సూది అందుకుంది. దేవికకు కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. లోపల ఎక్కడో ఒక బరువు ఇంకో మెట్టు కిందికి జారినట్టు మాత్రం అనిపించింది. కాఫీ ఇస్తే తాగింది. వీడియో కాగితం సంచిలోంచి తీయలేదు.

తిరుగు రైల్లో ఆమెకు ఒక్కొక్క మొహమే గుర్తుకొచ్చింది. "బానే ఉందండి, మీరు చెప్పాక బానే ఉంది" అన్న కొలకలూరు టీచరు. ప్రతిసారీ ఆమె చేతులు పట్టుకుని "మీ చలవ తల్లీ" అనే ముసలమ్మ. అంకె చెప్పేముందు ఒక్క క్షణం తన మొహంలోకి చూసిన వాళ్లెందరో. ఇంటికొచ్చిన చుట్టాన్ని కూర ఎలా ఉందని అడిగితే ఏమంటాడు? వాళ్లు చెప్పిన అంకెలు జబ్బు లెక్కో, తన మీద చూపిన మర్యాదో తేల్చే దారి లేదు. తన దగ్గరికి వచ్చిన యాభై ఎనిమిది మందిలో ఎంతమంది యలమందలున్నారు?

ఇంటికి చేరేసరికి లాస్య సోఫాలో పుస్తకాలు పరుచుకుని చదువుకుంటోంది. ఇంటరు రెండో ఏడు. రెండు నెలల్లో పరీక్షలు. దేవిక చెప్పులు విప్పుతూ, ఎప్పటిలాగే, "ఎలా ఉందే చదువు?" అంది.

"బానే ఉందమ్మా."

దేవిక వంటింట్లోకి పోబోయి ఆగింది. రోజుకు ఏడెనిమిది మంది పరాయివాళ్లను నిద్ర పడుతోందా, తిండి సయిస్తోందా అని వరసపెట్టి అడిగి వస్తుంది. ఈ పిల్లను అడిగి ఎన్నాళ్లయింది? వెనక్కొచ్చి సోఫా అంచున కూర్చుంది.

"నేను అలిసిపోయానని అలా చెప్తున్నావా?"

లాస్య పుస్తకం మీద నుంచి తలెత్తింది. "ఫిజిక్స్ ఏం ఎక్కట్లేదు," అంది. "పేజీ తిప్పితే ముందు పేజీలోది పోతోంది. నీకు చెప్తే నువ్వు ఇంకా..." అని ఆపేసింది. ఆ రాత్రి అన్నాలు ఆలస్యమయ్యాయి. ఫిజిక్సు గురించి దేవికకు తెలిసిందేమీ లేదు. కూర్చుని విన్నది.

మర్నాడు భార్గవ్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. అతను మధ్యలో అడ్డం రాకుండా విన్నాడు.

"మేడమ్, మొహమాటం కొద్దీ చెప్పడం అన్నిచోట్లా ఉంటుంది. లెక్కల్లో దాన్ని సరిచేస్తారు."

"ఎంత ఉందో తెలిస్తే కదండీ సరిచేసేది. నేను ఎదురుగా కూర్చున్నంత కాలం ఎవరూ చెప్పరు. నన్ను బట్టే చెబుతున్నారు. కొత్తవాళ్లెవరైనా ఫోన్లో అడిగితే తెలుస్తుంది. వాళ్ల మొహం వీళ్లు చూసి ఉండరు."

"అది రాతపూర్వకంగా పెడితే మన సైటు మొత్తం ఆపుతారు. మీ కాంట్రాక్టు మార్చిలో అయిపోతోంది. పొడిగించమని నేను రాద్దామనుకుంటున్నాను. నేనూ జీతగాణ్ణే మేడమ్, నా చేతిలో ఉన్నది తక్కువ."

"తెలుసండి," అంది దేవిక. అతని మీద ఆమెకు కోపం లేదు. ఆ మధ్యాహ్నం తెనాలి గదిలో, ఇద్దరికి పెట్టె కట్టడానికి మధ్య దొరికిన ముప్పావు గంటలో, ఒకటిన్నర పేజీ ఉత్తరం రాసి పంపింది. పేర్లు రాయలేదు. యలమంద చెప్పిన మాటను ఇంగ్లీషులో పెట్టడానికి నాలుగుసార్లు కొట్టేసి రాసింది. ఏ నోటితో చెప్పేది అన్నది ఆ భాషలోకి రాలేదు.

తెనాలిలో, రేపల్లెలో పెట్టె కట్టడం ఆపారు, దేవికకు మార్చి దాకా లెక్కలు సర్దే పని మిగిలింది. మూడు వారాల తర్వాత విజయవాడ నుంచి ఎవరో ఒకమ్మాయి అందరికీ ఫోన్లు చేసి అవే ప్రశ్నలు అడిగింది. యాభై ఎనిమిది మందిలో ఇరవై ముగ్గురి అంకెలు పెరిగాయి. మిగతావాళ్లకు నిజంగానే ఎంతో కొంత తగ్గింది. పెట్టె పనికిరానిదని ఎవరూ అనలేరు, పనికొచ్చిందని మునుపటంత గట్టిగానూ అనలేరు. యలమంద పదిహేడు దగ్గర మొదలై పదహారు దగ్గర ఆగాడు. భార్గవ్ ఫోన్ చేసి, "మీరు చెప్పిందే నిజమైంది మేడమ్. నివేదికలో దీని మీద ఒక పేరా పెడతారట," అన్నాడు. పొడిగింపు మాట అతను ఎత్తలేదు. ఆమె కూడా అడగలేదు.

పరిశోధనలో ఉన్నంతకాలం పాల్గొన్నవాళ్లకు ఆమె బయట ఏ సాయమూ చేయకూడదు. యలమంద ఆఖరి ప్రశ్నలు ఫిబ్రవరి పదమూడున అయిపోయాయి. దేవిక పద్నాలుగున సెలవు పెట్టి రేపల్లె వెళ్లింది. తప్పు దిద్దుకోవాలనో, గొప్ప పని చేయాలనో కాదు. వెళ్లకపోతే నిద్ర పట్టేలా లేదు.

పక్కింటి కోటిబాబుకు నీళ్ల టిన్నులు వేసే చిన్న ట్రాలీ బండి ఉంది. మధ్యాహ్నం పూట ఖాళీగా ఉంటుంది. రైస్ మిల్లు ఆవరణలో వడ్లు ఆరబోసే గచ్చు మీద దాన్ని నిలబెట్టించింది. వెనక చక్రాలకు రాళ్లు పెట్టించింది. తాళం చెవి తన దగ్గరే పెట్టుకుంది. చౌడేశ్వరి మిల్లు అరుగు మీద నీడలో కూర్చుంది. యలమంద బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు, మూడోసారి తలుపు తీసి ఎక్కాడు. దేవిక పక్క సీట్లో కూర్చుంది.

"ఇంజను ఆపే ఉంది అన్నయ్యగారూ. బండి ఎక్కడికీ పోదు. కాలు బ్రేకు మీద పెట్టండి, అంతే. పెట్టాక ఎంతుందో చెప్పండి. నా మొహం చూడకండి, రోడ్డు వైపు చూసి చెప్పండి."

అతను కాలు పెట్టాడు. పెట్టిన క్షణం నుంచే మోకాలు వణకడం మొదలైంది. మెడ నరాలు ఉబ్బాయి. చొక్కా వీపున తడిసిపోయింది.

"తొంభై," అన్నాడు, పళ్ల బిగువున.

అయిదు నెలలుగా ఆమె అతని నోట విన్న అంకెల్లో అదే పెద్దది. దాన్ని వేసుకోవడానికి చేతిలో ట్యాబు లేదు. మీరు సురక్షితంగా ఉన్నారు అని చెప్పాలనిపించలేదు.

"కాలికింద ఏముందండీ?"

"ముప్పై ఎనిమిది మంది పిల్లలున్నారండి."

"వాళ్లు దిగారు కదా."

"దిగారు."

"ఆఖరున ఎవరు దిగారు?"

"ఒకమ్మాయి. పేరు తెలీదు, మూడో స్టాపులో ఎక్కేది. దిగిపోయి మళ్లీ తలుపు దగ్గరికొచ్చి, అంకుల్ మీరూ దిగండి అంది."

"మీరెప్పుడు దిగారు?"

గచ్చు మీద పిచికలు వాలి గింజలు ఏరుకుంటున్నాయి. అవి లేచిపోయాక యలమంద అన్నాడు. "నేను దిగలేదండి. వెనక తాళ్లేసి ట్రాక్టరుకి కట్టారు. కట్టామురా దిగరా అని అరుస్తున్నారు. నాకు వినపడతానే ఉంది. కాలు రావట్లేదు. ఇద్దరొచ్చి లాగేశారు. కాలు నేను తీయలేదు. వాళ్లే తీశారు."

ఇది అతను పోలీసులకూ చెప్పలేదు, కాలేజీవాళ్లకూ చెప్పలేదు. చౌడేశ్వరికి కూడా చెప్పి ఉండడు. ఆ కాగితంలో ఇలాంటి ప్రశ్న ఏదీ లేదు.

"అయితే ఇవాళ మీరే తీయాలి," అంది దేవిక. "తొందరేం లేదు. నాకు రైలు అయిదుంపావుకి."

పావుగంట పట్టింది. మధ్యలో ఒకసారి వల్ల కాదండీ అన్నాడు. ఇంకోసారి, వెనకెవరన్నా ఉన్నారేమో చూడండి అన్నాడు. ఆమె నిజంగానే దిగి, ఖాళీ ట్రాలీ వెనక్కి వెళ్లి చూసి వచ్చి, "ఎవరూ లేరండి. అందరూ దిగారు," అని చెప్పింది. ఆ తర్వాత కొంతసేపటికి మడమ కాస్త లేచింది. పెడలు కొంచెం పైకి వచ్చి, మళ్లీ అణిగింది. తర్వాత మొత్తం పాదం ఒక్కసారిగా వచ్చేసింది, ఎవరో తాడు కోసినట్టు. యలమంద ఆ పాదాన్ని రెండు చేతులా పట్టుకుని స్టీరింగు మీదకి వంగిపోయాడు. అరుగు మీద నుంచి చౌడేశ్వరి లేచి నిలబడింది కానీ దగ్గరికి రాలేదు.

"ఎంత?" అంది దేవిక కాసేపాగి.

"ఎనభై అయిదు."

"పర్లేదు. మళ్లీ పెట్టండి."

ఆ రోజు పదకొండు సార్లు పెట్టి తీశాడు. ఆఖరిసారి డెబ్భై అన్నాడు. వైద్యం అని పేరు పెట్టదగిందేమీ అక్కడ జరగలేదు. పెట్టె చేయమన్నదీ ఇదే, భయపడేదానికి కొద్దికొద్దిగా దగ్గరవడం. పెట్టెలో కాలికి పనిలేదు, అంతే తేడా.

ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఆమె ఆరుసార్లు వెళ్లింది. మధ్యలో ఒకసారి అతను బండి ఎక్కనే లేదు. ఇంట్లో కూర్చుని కాఫీ తాగి తిరిగొచ్చింది. మార్చి నెలాఖరున కాంట్రాక్టు అయిపోయింది. కళ్లపెట్టెలు రెండూ శుభ్రం చేసి, డబ్బాల్లో సర్ది హైదరాబాదుకు పంపింది. ఆ వారంలో లాస్య పరీక్షలు అయిపోయాయి. ఫిజిక్స్ ఎలా రాశావంటే, "పోద్దేమోనమ్మా," అంది నిజాయితీగా.

ఏప్రిల్ రెండోవారంలో దేవిక ఆఖరిసారి రేపల్లె వెళ్లింది. యలమంద అప్పటికి పొద్దున పూట కోటిబాబు టిన్నుల్లో సగం తనే వేస్తున్నాడు. మిల్లు వీధి, బజారు, గుడి చుట్టూ, అంతవరకే. బస్సు జోలికి పోలేదు, ఇక పోనని కూడా చెప్పేశాడు. మంచం పట్టె ఈమధ్య ఊడలేదని చౌడేశ్వరి చెప్పింది. ఒక్కోసారి మాత్రం కదులుతుందట.

"స్టేషనుకి నేను దింపుతా రండి," అన్నాడు యలమంద.

ఎండ చుర్రుమంటోంది. బండి గేరు మార్చకుండా, మనిషి నడిచే వేగంతో బజారు దాటింది. వెనక ఆటోలు హారన్లు కొట్టి తప్పుకుని వెళ్లాయి. అతను వాటిని పట్టించుకోలేదు. కాలువ వంతెన ఇంకో వంద గజాలుందనగా కాలు మెల్లగా బ్రేకు మీదకి వచ్చింది. బండి పక్కకు తీసి ఆపాడు. చేతులు స్టీరింగు మీద అలాగే ఉన్నాయి.

"అరవై అయిదండి," అన్నాడు ఆమె అడగకముందే. "ఇవాళ్టికి ఇక్కడిదాకే. ఏమనుకోకండి, వంతెన మీరు నడిచి దాటండి."

"ఏమనుకోనండి," అంది దేవిక.

ఆమె సంచి భుజానికి తగిలించుకుని దిగింది. అతను కాలు ఎత్తాడు, బండి తిప్పుకున్నాడు, వచ్చిన దారినే నెమ్మదిగా వెళ్లిపోయాడు. వంతెన మీద నీడ లేదు. కాలువలో నీళ్లు కూడా లేవు. దేవిక కొంగు తల మీదకు లాక్కుని నడిచింది. తెనాలి బండి ఇరవై నిమిషాలు ఆలస్యమని స్టేషన్లో బోర్డు మీద రాసి ఉంది. ప్లాట్‌ఫారం చివర సిమెంటు బల్ల ఖాళీగా కనబడితే వెళ్లి కూర్చుని, చెప్పులు విప్పి, పాదాలు నేలకు ఆనించుకుంది.